ఓజోన్ తగ్గాలంటే ఏది ముందు తగ్గించాలి: పెట్రోలు ఆవిరా, నాక్సా?

నేల దగ్గర గాలిలో, ఆకులను మచ్చబరిచి రబ్బరును పగలగొట్టే ఓజోన్ పుట్టాలంటే ఎండ కాక ఇంకో రెండు సరుకులు కావాలి. ఒకటి పెట్రోలు ఆవిరి లాంటి హైడ్రోకార్బన్లు. రెండోది ఇంజన్ మంటలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు, వాహనాల వాళ్లు నాక్స్ అనేవి. ఒక్క చేత్తో చప్పట్లు మోగవు కాబట్టి ఏదో ఒక చెయ్యి పట్టుకుంటే చాలదా అనిపిస్తుంది. ఆ చెయ్యి ఏదన్న దాని మీదే కాలిఫోర్నియాలో దశాబ్దాల పాటు తగువు నడిచింది.

అసలు ఈ రెండు సరుకుల లెక్క బయటపెట్టింది ఆరీ హాగెన్‌స్మిట్. 1900లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పుట్టాడు. 1937 నుంచి లాస్ ఏంజెలిస్ పక్కనే పాసడీనాలో ఉన్న కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. పేరు తెచ్చుకుంది మొక్కల హార్మోన్ల మీద. 1940ల చివర్లో అనాసపండుకు ఆ వాసన దేనివల్ల వస్తోందో తేల్చే పనిలో ఉండగా, ఊళ్లో కళ్లు మండిస్తున్న స్మాగ్ (పొగమంచు లాంటి కలుషిత గాలి) సంగతి కూడా చూడమని అడిగారు. పండు ఆవిరిని చలికి గడ్డకట్టించే పద్ధతిలోనే వేల ఘనపుటడుగుల ఊరి గాలిని పట్టాడు. అడుగున కాస్త గోధుమరంగు ద్రవం మిగిలింది, భరించలేని కంపు. అందులో ఆల్డిహైడ్లు, పెరాక్సైడ్ల లాంటివి కనిపించాయి. అంటే గాలిలోకి వెళ్లిన ఆవిరి అక్కడే ఏదో ఆక్సీకరణకు లోనై వేరే సరుకుగా మారుతోందన్నమాట.

అప్పటిదాకా అధికారుల చూపంతా గంధకం మీద ఉంది. బొగ్గు కాల్చే లండన్‌లో అది సరైన అనుమానమే, 1952 డిసెంబరులో అక్కడ వేలమంది చనిపోయింది ఆ బొగ్గు పొగకే. లాస్ ఏంజెలిస్ రోగం వేరు. లండన్ స్మాగ్ చలికాలపు తేమలో పేరుకుంటే, ఇక్కడిది మిట్టమధ్యాహ్నం ఎండలో ముదిరేది.

1952లో అచ్చయిన హాగెన్‌స్మిట్ పేపరులో నాకు నచ్చేది సూత్రాలు కాదు, రుజువు చూపించిన తీరు. పెట్రోలు ఆవిరిని, ఓజోన్‌ను మూసిన గదిలో కలిపి పాలకూర, బీట్‌రూట్ లాంటి మొక్కల మీద వదిలితే, చుట్టుపక్కల పొలాల్లో రైతులు చూస్తున్న ఆకుమచ్చలే వచ్చాయి. వంచి కట్టిన రబ్బరు ముక్క ఎంతసేపట్లో పగులుతుందో చూసి గాలిలో ఓజోన్ ఎంతుందో లెక్కగట్టాడు. ఆ ఊళ్లో టైర్లు త్వరగా పగుళ్లిచ్చేదీ అందుకే. చమురు కంపెనీల డబ్బుతో పరిశోధన చేస్తున్న సంస్థ ఒకటి ఇదంతా తప్పంది. పెద్దాయనకు చిర్రెత్తుకొచ్చి, అనాసపండు పక్కన పెట్టి పూర్తిగా స్మాగ్ మీదే కూర్చున్నాడు.

ఇక పోలికలోకి వద్దాం.

ముందు పట్టుకున్నది హైడ్రోకార్బన్లను. స్మాగ్ సంగతి తేల్చడానికి ఆర్నాల్డ్ బెక్‌మన్ అధ్యక్షుడుగా 1953లో ఒక కమిటీ వేశారు. రిఫైనరీల్లోనూ పెట్రోలు నింపే చోట్లా ఆవిరి ఆపమనీ, కార్ల పొగకు పరిమితి పెట్టమనీ, చెత్త కాల్చడం మానిపించమనీ ఆ కమిటీ చెప్పింది. ఈ దారికి ఉన్న గొప్ప సుగుణం లాభం. ట్యాంకు మీద తేలే మూత వేస్తే గాలి బాగుపడడమే కాదు, ఎగిరిపోయే పెట్రోలు కూడా మిగులుతుంది. ఇంజన్ అడుగు నుంచి వచ్చే ఆవిరిని తిరిగి లోపలికే పంపే చిన్న వాల్వు 1960ల మొదట్లో కార్లకు వచ్చింది. ఖర్చు కొద్ది, ఫలితం వెంటనే.

తేడా కొట్టింది ఆ తర్వాత. 1966 మోడళ్ల నుంచి కాలిఫోర్నియా హైడ్రోకార్బన్లకూ కార్బన్ మోనాక్సైడుకూ పరిమితి పెట్టింది. తయారీదారులు పెట్రోలు తగ్గించి గాలి పెంచి మండించారు. ఆ రెండూ తగ్గాయి, నాక్స్ పెరిగింది. దానికీ ఒక హద్దు 1971 మోడళ్ల నుంచి గానీ రాలేదు. మధ్యలో అమ్ముడైన కార్లు ఏళ్ల తరబడి రోడ్ల మీద తిరిగాయి. ఒక్కదాన్నే చూసుకుంటే వచ్చే తలనొప్పి ఇది.

పోనీ మొదటే నాక్స్‌ను పట్టుకుని ఉంటే? ఇక్కడ రసాయనం కాస్త మొండిది. ఎండకు నైట్రోజన్ డయాక్సైడ్ విరిగి ఒక ఆక్సిజన్ పరమాణువును వదులుతుంది, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్ అవుతుంది. మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌నే తినేసి మళ్లీ డయాక్సైడ్ అవుతుంది. లెక్క అక్కడికి సరి. హైడ్రోకార్బన్లు మధ్యలో దూరి, ఓజోన్ ఖర్చు కాకుండానే నైట్రిక్ ఆక్సైడ్‌ను డయాక్సైడ్‌గా మార్చేస్తాయి కాబట్టే ఓజోన్ పేరుకుపోతుంది. అందుకే లారీల పొగ దట్టంగా ఉన్న ఊరి నడిబొడ్డున నాక్స్ కొంచెం తగ్గిస్తే, ఓజోన్‌ను తినేవాడే తగ్గి అది పెరిగే అవకాశం ఉంది. హాగెన్‌స్మిట్, మార్గరెట్ ఫాక్స్ 1954 పేపరులో రెండింటి పాళ్లూ మార్చుకుంటూ ఎంత ఓజోన్ వస్తుందో చూపిస్తూ గీసిన పటం ఈ మెలిక చూపించేదే. తర్వాతి తరాల వాళ్లు వాడిన పటాలన్నీ దాని వారసులే.

లాస్ ఏంజెలిస్‌లో ఇది కంటికే కనిపించింది. శని, ఆదివారాల్లో డీజిల్ లారీలు తగ్గుతాయి, నాక్స్ తగ్గుతుంది, ఓజోన్ మాత్రం మామూలు రోజులకంటే ఎక్కువ. ఇంకేం, నాక్స్ నియంత్రణ దండగ అనేవాళ్లకు ఆయుధం దొరికింది.

అయితే ఊరు మారితే తీర్పు తిరగబడుతుంది. అమెరికాలో మనవాళ్లు బాగా స్థిరపడిన అట్లాంటానే తీసుకోండి. చుట్టూ అడవి. ఓక్ లాంటి చెట్లు ఎండకు ఐసోప్రీన్ అనే హైడ్రోకార్బన్ వదులుతాయి. కార్ల ఆవిరి ఎంత తగ్గించినా చెట్ల వాటా అలాగే ఉంటుందని విలియం చమైడిస్ బృందం 1988లో లెక్కగట్టి చూపించింది. అంతకు కొన్నేళ్ల ముందు, అమెరికా అధ్యక్షుడైన రీగన్ కాలుష్యానికి చెట్లను నిందిస్తే జనం ఎగతాళి చేశారు. ఎగతాళి సబబే, చెట్టు ఐసోప్రీన్ వదిలినా నాక్స్ మనం వదిలితేనే కదా ఓజోన్ అయ్యేది. 1991లో అమెరికా జాతీయ పరిశోధన మండలి నివేదిక కూడా చాలాచోట్ల నాక్స్ మీద దృష్టి పెట్టక తప్పదంది.

ఇంజన్ వైపు నుంచి ఈ తగువు తీర్చింది త్రీవే కన్వర్టర్, అంటే పొగగొట్టంలో పెట్టి పొగను శుభ్రం చేసే పరికరం. 1975 మోడళ్లలో వచ్చిన మొదటి రకం కన్వర్టర్ నాక్స్ జోలికి పోలేదు. దానికి సీసం పడదు కాబట్టి సీసం లేని పెట్రోలు వచ్చింది, అది వేరే మేలు. 1970ల చివర్లో ఆక్సిజన్ సెన్సర్‌తో గాలీ పెట్రోలూ సుమారు 14.7కు 1 పాళ్లలో నిలబెట్టడం వచ్చాక హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడు, నాక్స్ మూడింటినీ ఒకేసారి శుభ్రం చేయడం సాధ్యమైంది. డీజిల్ బండ్లకు ఆ పాళ్లు కుదరవు, అందుకే 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన బీఎస్-6 కాలుష్య నిబంధనల లారీల్లో యాడ్‌బ్లూ పోసుకోవాల్సి వస్తోంది. ఆ నీలం మూత ట్యాంకులోని యూరియా ద్రవం పని నాక్స్‌ను మామూలు నైట్రోజన్‌గా మార్చడమే. ఖర్చనుకుని దాన్ని ఎగ్గొట్టే మార్గాలు వెతికేవాళ్లు కొందరున్నారు, వాళ్లతో వాదించడం నా వల్ల కాదు.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు నాక్స్‌కే. హైడ్రోకార్బన్లలో చెట్ల వాటా మన చేతిలో లేదు. కార్లు శుభ్రపడ్డాక రంగులు, సెంట్లు, ఇల్లు కడిగే ద్రావణాల వాటా పెద్దదైందని 2018లో తేలింది, వాటిని ఇంటింటా ఆపగలమా? పైగా నాక్స్ ఓజోన్‌తోనే ఆగదు. నైట్రేటు ధూళిగా మారి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మధ్యలో కొన్నేళ్లు నగరం నడిబొడ్డున ఓజోన్ పెరుగుతుందన్న బెదిరింపు నిజమే, ఓర్చుకోక తప్పదు. 1950లలో మాత్రం హైడ్రోకార్బన్లతో మొదలుపెట్టడమే మేలు. అప్పటికి చేతికందే పని అదే. 1968లో కాలిఫోర్నియా వాయువనరుల బోర్డుకు తొలి ఛైర్మన్ అయ్యాక నాక్స్ కోసం హాగెన్‌స్మిట్ కూడా గట్టిగానే పట్టుబట్టాల్సి వచ్చింది.

మీ ఊళ్లో ఏది మేలో తెలుసుకోవడానికి ఒక చిన్న దారి ఉంది. హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి లాంటి చోట్ల కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గంటగంటకూ వేసే అంకెల్లో నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్ పక్కపక్కనే ఉంటాయి. కొన్ని ఆదివారాలు మధ్యాహ్నం రెండూ చూడండి. మొదటిది తగ్గి రెండోది పెరిగితే, మీ ఊరు పాత లాస్ ఏంజెలిస్ బాటలో ఉండొచ్చు. రెండూ తగ్గితే నాక్స్ కోత వెంటనే పనిచేస్తుంది. ఆదివారం కూడా ట్రాఫిక్ తగ్గని చోట, మబ్బు పట్టిన రోజున, ఈ పరీక్ష పెద్దగా ఏమీ చెప్పదు.