ఏడేళ్లు ఒబామాకేర్‌తో: నా గొడవంతా ఆ ఒక్క గీతతోనే

ప్లాన్లలో సిల్వర్ అంటే ఏంటి, బ్రాంజ్ అంటే ఏంటి, డిడక్టబుల్ (కంపెనీ కట్టడం మొదలయ్యే ముందు మన జేబులోంచి పెట్టేది) ఎలా లెక్కేస్తారు, ఇవన్నీ ఇక్కడ అమెరికాలో సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే మనవాళ్లకి కంఠతా వచ్చు, మళ్లీ రాయను. 2019 జనవరి నుంచి మేం మార్కెట్‌ప్లేస్ ప్లాన్ల మీదే ఉన్నాం, అంటే ఒబామాకేర్ చట్టం కింద ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సొంతంగా కొనుక్కునే ఆరోగ్య బీమా. ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో కొంత ప్రభుత్వమే కడుతుంది, అదే సబ్సిడీ. ఇన్నేళ్లలో దీని మీద నాకు మిగిలిన కోపం ఒక్కటే, సబ్సిడీ ఎంత ఆదాయం దాకా వస్తుందో చెప్పే ఆ గీత. ఇక్కడ దాన్ని క్లిఫ్, అంటే కొండ అంచు, అంటారు. ఆదాయం పెరిగేకొద్దీ సబ్సిడీ కొంచెం కొంచెంగా తగ్గితే ఎవరికీ బాధ ఉండదు. ఇది అలా కాదు, గీత దాటిన మరుక్షణం మొత్తం సున్నా. మధ్యలో ఐదేళ్లు ఆ గీత లేదు. 2026 జనవరిలో మళ్లీ వచ్చింది.

2018 నవంబర్‌లో మా ఆయనకి ఉద్యోగం పోయింది. తర్వాత ఒక చిన్న కన్సల్టెన్సీ ద్వారా గంటల లెక్కన కాంట్రాక్ట్‌లో చేరారు. యాభై మంది కూడా లేని కంపెనీ ఇన్సూరెన్స్ ఇచ్చి తీరాలన్న రూలు లేదు, వాళ్లు ఇవ్వలేదు. నేను ఒక డేకేర్‌లో పార్ట్‌టైమ్. అప్పటికి ఆయనకి 54, నాకు 52, ఆయనకి బీపీ, నాకు థైరాయిడ్. 2014కి ముందు రోజుల్లో అయితే ఈ జబ్బులు పెట్టుకుని సొంతంగా ప్లాన్ కొనబోతే ఇవ్వం అనడానికి కంపెనీలకి వీలుండేది. ఇప్పుడు ఎవరూ ఆ మాట అడగలేదు. నెలకి మేం కట్టేది 525 డాలర్లు, ప్రభుత్వం నేరుగా కంపెనీకి కట్టేది 820. ఆ మొదటి ఏడాది గుడిలో కలిసిన వాళ్లకి, పుట్టినరోజు పార్టీల్లో కూర్చున్న వాళ్లకి, ఎవరికి ఉద్యోగం పోయిందని తెలిసినా ఫోన్ చేసి మరీ దీని గురించి చెప్పాను. అలా చెప్పినందుకు ఇప్పుడూ బాధ లేదు, కాకపోతే ఒక ముక్క చెప్పకుండా వదిలేశాను. అప్పటికి నాకే తెలియదు.

2020 ఫిబ్రవరిలో ఒక ఆదివారం వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ట్యాక్స్ రిటర్న్ నింపుతున్నాం. ఏడాది మొదట్లో అప్లికేషన్‌లో మా ఆదాయం 64,000 అని రాశాం, ఇద్దరి జీతాలూ కలిపి సరిగ్గా అంతే వచ్చాయి. మార్కెట్‌ప్లేస్ పంపిన 1095-ఎ ఫారంలోని అంకెలు (ఆ ఏడాది ప్రీమియం, సబ్సిడీ లెక్క) ఎక్కించాం, 1,300 రిఫండ్ అని చూపించింది. అప్పుడు మా ఆయన, ఆ ఇండియా డిపాజిట్ వడ్డీ కూడా వెయ్యాలి కదా అన్నారు. పెద్ద ఉద్యోగం ఉన్న రోజుల్లో అమ్మాయి పెళ్లికని ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉండే మనవాళ్లకి ఇండియా బ్యాంకులిచ్చే ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో కొంత వేశాం. దానికి ఇండియాలో ట్యాక్స్ లేదు, ఇక్కడ మాత్రం చూపించాలి. ఆ ఏడాది వడ్డీ మన డబ్బుని డాలర్లలోకి మారిస్తే 2,980. ట్యాక్స్ ఒక మూడు నాలుగు వందలు పడుతుంది, పడనీ అనుకుని అంకె కొట్టాను. రిఫండ్ పోయి, కట్టాల్సింది దాదాపు 8,900 అని వచ్చింది.

తప్పు కొట్టానేమో అని చెరిపి మళ్లీ కొట్టాను. మూడోసారి మా ఆయన కొట్టారు. అదే అంకె. రాత్రి పదకొండింటి దాకా సబ్సిడీ లెక్క తేల్చే ఫారం 8962 సూచనలు చదివితే అప్పుడు అర్థమైంది. ఇద్దరున్న కుటుంబానికి ఆ ఏడాది గీత 65,840, అంటే పావర్టీ లెవెల్‌కి (పేదరికానికి ప్రభుత్వం పెట్టిన ఆదాయం కొలత) నాలుగు రెట్లు. మా మొత్తం 66,980. పైన పడింది 1,140. దానికి పన్నెండు నెలలు మా తరఫున కట్టిన 9,840 డాలర్లూ వెనక్కి ఇచ్చెయ్యాలి. గీతకి లోపల ఉన్నవాళ్లకి తిరిగి కట్టేదానికి అప్పట్లో ఒక పరిమితి ఉండేది, దాటినవాళ్లకి అదీ లేదు. అమ్మాయి పెళ్లికని దాచుకున్న డబ్బు తెచ్చిన వడ్డీ, దానికి మూడు రెట్లకి పైగా పట్టుకుపోయింది. ఆ రాత్రి మా ఆయన ఏం మాట్లాడలేదు. నేను పొద్దున డేకేర్‌కి వెళ్లి పిల్లలకి పాలు కలుపుతూ ఏడ్చాను.

అంతకన్నా బాధ ఆగస్టులో. మా వదిన వాళ్ల తమ్ముడు ట్యాక్స్ పని చేస్తాడు, ఏదో మాటల్లో ఈ సంగతి చెప్తే, "అయ్యో అక్కా, మీకెవరికీ కంపెనీ 401కె రిటైర్‌మెంట్ ఖాతా లేదు కదా, ఒక పన్నెండు వందలు ట్రెడిషనల్ ఐఆర్‌ఏలో, అదే మనమే సొంతంగా తెరుచుకునే రిటైర్‌మెంట్ ఖాతాలో, వేసుంటే ఆదాయం గీత కిందకి వచ్చేసేది, పోయిన ఏడాదికి జూలై 15 దాకా టైమిచ్చారు ఈసారి" అన్నాడు. మన ఖాతాలో మనమే పన్నెండు వందలు వేసుకుంటే తొమ్మిది వేల ఎనిమిది వందలు మిగిలేవి. ఈ సంగతి అప్లికేషన్ నింపేటప్పుడు మాకు కనపడలేదు, ప్లాన్ కట్టబెట్టిన ఏజెంటూ చెప్పలేదు.

2021 మార్చిలో అమెరికన్ రెస్క్యూ ప్లాన్ వచ్చింది. ఆ గీత తీసేశారు. ఎంత సంపాదించినా సరే బెంచ్‌మార్క్ సిల్వర్ ప్లాన్‌కి (సబ్సిడీ లెక్కకి కొలతగా తీసుకునే ప్లాన్) ఆదాయంలో 8.5 శాతం మించి కట్టక్కర్లేదు అన్నారు. అదే చట్టంలో 2020కి ఎక్కువ సబ్సిడీ తీసుకున్నవాళ్లు తిరిగి కట్టక్కర్లేదని కూడా పెట్టారు. మాది 2019. ఆ వార్త చదివినప్పుడు కడుపులో ఎలా తిప్పిందో చెప్పలేను. అయినా ఆ తర్వాత ఐదేళ్లు నిజంగా నిద్రపట్టింది. 2022 ఆగస్టులో దాన్ని 2025 చివరిదాకా పొడిగించారు. ఆయన గంట రేటు పెరిగితే మేం కట్టేది కొంచెం పెరిగేది, అంతే, భయపడాల్సిన పని లేదు. 2023లో ఆయనకి స్టెంట్ పడింది. బిల్లు చూస్తే కళ్లు తిరిగాయి, మా జేబులోంచి పోయింది ఆ ఏడాది పరిమితి 9,100 దగ్గర ఆగింది. మరుసటి ఏడాది ఆ కార్డియాలజిస్ట్ నెట్‌వర్క్‌లోంచి వెళ్లిపోయాడు, కొత్తాయన కోసం రెండు నెలలు తిరిగాం. మేమున్న టెక్సాస్‌లో సొంతంగా కొనుక్కునే ప్లాన్లు దాదాపు అన్నీ హెచ్‌ఎంఓ, ఈపీఓలే, అంటే నెట్‌వర్క్‌లోని డాక్టర్ల దగ్గరికే వెళ్లాలి, బయటి డాక్టర్లకి కూడా కొంత కట్టే పీపీఓ అడిగితే లేదంటారు. అందుకే, చాలా బాగుంది అని నేను ఊరంతా చెప్పిన మాటని, ఖర్చు విషయంలో బాగుంది అని మార్చుకున్నాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ ఐదేళ్లూ మా ప్లాన్ అసలు ధర ఎంతో నేను చూడలేదు, చూడాల్సిన అవసరం రాలేదు. ప్రీమియం పెరిగితే ఆ పెరుగుదల ప్రభుత్వం మీద పడేది. ఈ సబ్సిడీ వద్దనేవాళ్లు చెప్పేది అదే, ఇది కోవిడ్ కోసం తాత్కాలికంగా ఇచ్చింది, కొనసాగిస్తే పదేళ్లలో 350 బిలియన్ డాలర్లు అవుతుంది, డబ్బంతా ఇన్సూరెన్స్ కంపెనీలకే పోతోంది, ధరలు మాత్రం తగ్గట్లేదు అని. ధరలు తగ్గట్లేదన్న మాట కాదనలేను. కానీ ధర తగ్గించే పని మొదలుపెట్టకుండా ముందు మా కాళ్ల కింద చాప లాగితే ఎలా? అరవై దాటినవాళ్లకి ఇరవై ఒకటేళ్ల కుర్రాడికన్నా మూడు రెట్ల దాకా ప్రీమియం వెయ్యొచ్చని ఆ చట్టంలోనే ఉంది, అందుకే గీత దెబ్బ అందరికన్నా మా వయసు వాళ్లకి గట్టిగా తగులుతుంది. మెడికేర్ (65 ఏళ్లకి వచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్) రావడానికి ఇంకా కొన్నేళ్లు ఉంది.

2025 అక్టోబర్ 1 నుంచి ఈ సబ్సిడీ గొడవ మీదే ప్రభుత్వం మూతపడింది, 43 రోజులు. రోజూ డేకేర్ నుంచి రాగానే టీవీ పెట్టేదాన్ని. నవంబర్‌లో తెరిచారు, డిసెంబర్‌లో సెనేట్‌లో మూడేళ్ల పొడిగింపుకి ఓటు పెట్టారు, అరవై కావాలి, 51 వచ్చాయి. అప్పటికే మా ఇంటికి ఉత్తరం వచ్చి నెలయింది. 2025లో మేం కట్టింది నెలకి 609. అదే ప్లాన్‌కి 2026లో, ఆదాయం అంతే ఉంటే, 2,680. ఏడాదికి 32,160, మా ఇద్దరి సంపాదన 86,000. ఈసారి ఇద్దరికి గీత 84,600. ఆ గీత మీద నిలబడితే ఆదాయంలో 9.96 శాతం, అంటే నెలకి ఏడు వందలు. ఒక్క డాలర్ దాటితే 2,680. ఆ ఒక్క డాలర్ విలువ ఏడాదికి 23,000 పైన. సబ్సిడీ తగ్గించాలనుకుంటే తగ్గించండి, పది శాతం కట్టమంటే పదే కడతాం, పన్నెండంటే ఏదో ఒకటి మానుకుని కడతాం. కష్టపడి నాలుగు గంటలు ఎక్కువ పనిచేసినందుకు ఇంత శిక్ష ఎందుకు?

మేం చేసింది చెప్తాను, మీకూ పనికొస్తుందేమో. సిల్వర్ వదిలేసి, ప్రీమియం తక్కువ, జేబు ఖర్చు ఎక్కువ ఉండే బ్రాంజ్‌కి మారాం. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ ప్లాన్లన్నిటికీ హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకి దాచుకునే ఖాతా) తెరుచుకోవచ్చు, అందులో వేసింది కూడా ఆదాయంలోంచి తీసేస్తారు. ఐఆర్‌ఏలో యాభై దాటినవాళ్లు 2026కి మనిషికి 8,600 దాకా వేసుకోవచ్చు. ఈ ఏడాది 88,000 రావచ్చని అంచనా, ఐఆర్‌ఏలో ఆరు వేలు వేసి 82,000కి దించుతాం. మాకు ఇల్లు తీరిపోయింది, అమ్మాయి తన కాళ్ల మీద తను నిలబడింది, కాబట్టి ఆరు వేలు పక్కన పెట్టగలం. అద్దె కట్టుకుంటూ పిల్లల్ని చదివించే వాళ్లు అదే గీత మీద ఉంటే ఎక్కణ్ణుంచి తీసి పెడతారు? అంచనా ఎక్కడ తప్పినా టెన్షనే, ఎందుకంటే గీత లోపల ఉన్నవాళ్లకి ఇంతకుముందున్న ఆ పరిమితి కూడా 2026 నుంచి తీసేశారు, ఎంత ఎక్కువ తీసుకుంటే అంతా తిరిగి కట్టాలి. డేకేర్‌లో వేసవి నుంచి ఫుల్‌టైమ్ చెయ్యమని అడిగారు. వద్దన్నాను. ఆ పిల్లలంటే నాకు ప్రాణం, అయినా వద్దన్నాను.

కాబట్టి బాగుందా, బాలేదా అని అడిగితే మా ఇంటి లెక్క మాత్రమే చెప్పగలను. మీ ఆదాయం గీతకి చాలా కింద ఉంటే ఇప్పటికీ తీసుకోండి, కట్టేది పెరుగుతుంది కానీ కొండ మీంచి పడరు. గీతకి అటూ ఇటూ ఉంటే డిసెంబర్ దాకా ఆగకుండా ప్రతి నెలా జీతం స్లిప్పులు, వడ్డీలు రాసుకోండి, ముఖ్యంగా ఇండియా డిపాజిట్లు. గ్రీన్‌కార్డు మీద అమ్మానాన్నల్ని తెచ్చుకుని, వాళ్లకి ఐదేళ్లు నిండక మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్నవాళ్లకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్) రాక, సొంత ఆదాయం లేకపోయినా సబ్సిడీ ప్లాన్‌లో పెట్టినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ దారి 2026 జనవరితో మూసేశారు, ముందు అది చూసుకోండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి 2027 నుంచి సబ్సిడీయే ఉండదు.

ఫ్రిజ్ పక్క సొరుగులో ఒక నోటుపుస్తకం పెట్టాను, జనవరి పేజీ నిండింది, 7,310 అని రాసుంది. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ ఆగస్టులో మెచ్యూర్ అవుతుంది. రెన్యూ చేద్దామని మా ఆయన అంటున్నారు, అమ్మాయికి సంబంధాలు కూడా చూస్తున్నాం. నేను ఇంకా ఊ అనలేదు.