ప్రసాద్స్ పెద్ద తెర మీద బాహుబలి: నాన్నతో, మా వాడితో ఒక ఆదివారం

మా వాడికి తొమ్మిదేళ్ళు. బాహుబలి కథంతా నోటికి వచ్చు. కానీ ఇప్పటిదాకా చూసిందంతా టీవీలోనే, అదీ ప్రకటనల మధ్య ముక్కలు ముక్కలుగా. మొదటి భాగం 2015 జులైలో వచ్చేటప్పటికి వాడు పుట్టలేదు. రెండోది 2017 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు చంటిపిల్లాడు, మా అమ్మ దగ్గర వదిలేసి నేనూ మా ఆయనా వెళ్ళొచ్చాం. రెండు భాగాలూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ పేరుతో 2025 అక్టోబర్ 31న మళ్ళీ విడుదల చేస్తున్నారని వినగానే, చూపిస్తే హైదరాబాద్‌లోని ప్రసాద్స్ మల్టీప్లెక్స్‌లో పెద్ద తెర మీదే చూపించాలని తీర్మానించుకున్నాను.

ముందు టికెట్ల సంగతి. ఒక్కొక్కటి 295 రూపాయలు. ఆ తెరకి ఆ డబ్బు ఇవ్వడానికి నాకు ఏ బాధా లేదు. బాధల్లా బుకింగ్ యాప్‌తోనే. మూడు టికెట్లకి సౌకర్య రుసుం పేరుతో వంద దాటించారు. పైగా డబ్బులు కట్ అయ్యాక స్క్రీన్ అలాగే తిరుగుతూ కూర్చుంది. సీట్లు వచ్చాయో పోయాయో తెలియక పది నిమిషాలు ఒకటే టెన్షన్. ఆ పది నిమిషాలూ మా వాడు నా భుజం మీదనుంచి ఫోన్‌లోకి చూస్తూ నిలబడ్డాడు.

ఖైరతాబాద్ మెట్రోలో దిగి ఆటో ఎక్కాం. ‘ప్రసాద్స్’ అంటే ఆటో అతను ఒక్క క్షణం ఆలోచించి, “ఐమాక్సా?” అన్నాడు. ఆ బోర్డు పోయి ఎన్నేళ్ళయినా హైదరాబాద్‌లో దాని పేరు ఐమాక్సే. 2003లో తెరిచినప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు తెర అని పేపర్లో చదివి, దాన్ని చూడటానికే ఫ్రెండ్స్‌తో వెళ్ళాను. ఇప్పుడు పీసీఎక్స్ అని పిలుస్తున్న తెర 64 అడుగుల ఎత్తు, 101.6 అడుగుల వెడల్పు. మన సినిమాలు ఎక్కువగా అడ్డంగా సాగే ఫ్రేములో ఉంటాయి కాబట్టి ఈ ఎత్తు తగ్గి వెడల్పు పెరగడం మనకి మంచిదే.

నాన్నకి ఈ హాలంటే వేరే అభిమానం. ఆయనది ఏలూరు పక్క పల్లెటూరు. ఎల్.వి. ప్రసాద్ గారిది అక్కడికి దగ్గర్లోని సోమవరప్పాడు. లోపలికి వెళ్తుంటే మనవడికి మొదలుపెట్టేశారు: “ఒరేయ్, హిందీలో మొదటి టాకీ ఆలం ఆరా, తమిళంలో కాళిదాస్, తెలుగులో భక్త ప్రహ్లాద. ఆ మూడింట్లోనూ ఆయన వేషం వేశారు. ఎన్టీఆర్‌ని ‘మనదేశం’తో తెరకెక్కించిందీ ఆయనే. ఇది వాళ్ళబ్బాయి కట్టించిన హాలు.” మా వాడు, “తాతయ్యా, ఆయన ప్రభాస్ కంటే పొడుగా?” అని అడిగాడు. నాన్న దానికి కూడా శ్రద్ధగానే ఆలోచించారు.

సీట్ల విషయంలో నా మాట వినండి. ఈ తెర ముందు మధ్యలో కూర్చోవడం ఎంత ముఖ్యమో, సగం కంటే రెండు మూడు వరుసలు పైన కూర్చోవడం అంత ముఖ్యం. కిందికి వెళ్తే మెడ పట్టేస్తుంది, మూల సీటైతే మనుషులు ఏటవాలుగా కనిపిస్తారు. సీట్లు నిటారుగా మెట్లలా ఉంటాయి కాబట్టి పిల్లలకి ముందువాళ్ళ తల అడ్డు రాదు. పెద్దవాళ్ళతో వెళ్తే మాత్రం దీపాలు ఆర్పకముందే కూర్చోబెట్టండి, చీకట్లో ఆ మెట్లు ఎక్కించడం కష్టం.

ఇక జలపాతం దగ్గరికి వస్తాను. శివుడు అడవిలోంచి నడిచొచ్చి తల పైకెత్తుతాడు చూడండి, అక్కడ మా వాడి చెయ్యి పాప్‌కార్న్ డబ్బాలో అలాగే ఆగిపోయింది. వాడి గడ్డం మెల్లగా పైకి లేచింది. నీళ్ళు ఎక్కడ మొదలవుతున్నాయో చూడాలంటే ఈ హాల్లో నిజంగానే తల ఎత్తాలి. టీవీలో ఆ జలపాతం జానెడుంటుంది, కుర్రాడు ఎక్కేస్తాడని ముందే తెలిసిపోతుంది. ఇక్కడ ఆ రాయి మీద మనిషి చీమంత. ఎక్కలేడేమో అనిపిస్తుంది. జారి పడ్డప్పుడల్లా మా వాడు నా చెయ్యి పట్టుకున్నాడు, కథంతా తెలిసి కూడా. అప్పటికే అందరూ పదిసార్లు చూసిన సినిమా అయినా, శివలింగం భుజానికెత్తుకునే చోట హాలంతా లేచి నిలబడింది. డోలు దెబ్బలు సీటు వీపులోంచి గుండెల్లోకి దిగాయి. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఇంకో హాల్లో, ఏ హాలో చెప్పను, పోయినసారి ఒక రీ-రిలీజ్‌కి వెళ్తే కాగితాలు చింపి విసరడం, తెర ముందు ఎగరడం తప్ప సినిమా కనపడలేదు. ఇక్కడ ఆ భయం లేకపోయింది. ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, మాటలు మొదలవగానే సద్దుమణిగారు. అభిమానం అంటే నాకు ఇలా ఉంటేనే ఇష్టం.

రెండు భాగాలూ కలిపితే అయిదు గంటలు దాటే సినిమాని దాదాపు మూడు ముప్పావు గంటలకి తెచ్చారు. ఏవేవి తీసేశారో రాజమౌళి గారే ముందుగా చెప్పారు: అవంతిక ప్రేమకథ చాలావరకు, ‘పచ్చబొట్టేసిన’ పాట, యుద్ధంలో కొంత, ఇంకా ‘కన్నా నిదురించరా’. కథ పరుగు తగ్గకూడదన్న ఆయన ఆలోచన నాకు అర్థమైంది. అవంతిక భాగం తగ్గడం వల్ల నాకేం వెలితి అనిపించలేదు. కానీ ‘కన్నా నిదురించరా’ కోసం మాత్రం, లేదని తెలిసీ ఎదురుచూశాను. 2017లో ఏడాది పిల్లాణ్ణి జోకొట్టింది ఆ పాటతోనే. కీరవాణి గారు కట్టిన ఆ బాణీ ఎత్తుకుంటే రెండో చరణానికి ముందే కళ్ళు మూసేవాడు. ఆ పాట ఉండాల్సిన కుంతల రాజ్యం ఘట్టం వచ్చి వెళ్ళిపోతుంటే గొంతులో ఏదో అడ్డుపడింది. ఆ ఒక్క పాటకి ఇంకో అయిదు నిమిషాలు కూర్చోవడానికి ఆ హాల్లో ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

బయటికి రాగానే సినిమా ఎలా ఉందని అడిగేవాళ్ళ మైకులు చుట్టుముట్టాయి. శుక్రవారాలే కాదు, ఆదివారాలూ ఉంటున్నారు. ఒక కుర్రాడు నాన్న ముందు మైకు పెట్టి, “సార్, అయిదుకి ఎంత ఇస్తారు?” అన్నాడు. “ఇప్పుడే చూశాను నాయనా, ఇంకా లోపలే ఉంది, రేపు అడుగు” అన్నారు నాన్న. ఆ కుర్రాడు పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. సినిమా ఇంకా కళ్ళలోంచి దిగకముందే దాన్ని మార్కుల్లోకి మార్చమని అడగడం నాకు అస్సలు నచ్చదు. ఆ మైకులు తప్పించుకోవాలంటే దీపాలు వెలిగాక అయిదు నిమిషాలు సీట్లోనే ఉండిపోండి.

రాత్రి పడుకునేటప్పుడు ఫోన్‌లో ‘కన్నా నిదురించరా’ పెట్టి, నిన్ను నిద్రపుచ్చింది దీనితోనేరా అని చెప్పాను. వాడు దగ్గరికి జరిగి చివరిదాకా చూశాడు. “అమ్మా, ఇది ఆ పెద్ద తెర మీద ఎప్పుడేస్తారు?” అన్నాడు.