టాంజానియా సఫారీలో ముంచిందెవరు, మురిపించిందెవరు

ముందే చెప్పేస్తాను. టాంజానియా వెళ్ళి జంతువులతో పాటు అక్కడి తెగల మనుషుల్ని కూడా కలవాలని మీకుంటే, న్గోరోంగోరో రోడ్డు పక్కన బండి ఆపి చూపించే మాసాయి బోమా (పశువులు కాచే మాసాయి తెగ వాళ్ళ ముళ్ళ కంచె పల్లె) మానేయండి. ఆ డబ్బు, ఆ సమయం ఎయాసీ సరస్సు వైపు, అక్కడి హడ్జాబే, దతోగా తెగల కోసం పెట్టండి. కంపెనీల వాళ్ళు రెండింటినీ ఒకే పేరుతో, 'తెగల సందర్శన' అని అమ్ముతారు. రెండూ చూసొచ్చాక అవి ఒకటి కానే కావని తెలిసింది.

మేం వెళ్ళింది ఫిబ్రవరిలో. నేను, మా ఆయన, అన్నయ్య, వదిన. ముంబై నుంచి అడిస్ అబాబా మీదుగా కిలిమంజారో విమానాశ్రయానికి రానూపోనూ మనిషికి 61,400 రూపాయలు. ఈ-వీసా 50 డాలర్లు. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాం. అరూషాలో ఒక టూర్ కంపెనీకి మనిషికి 2,180 డాలర్లు కట్టాం. పైకప్పు లేచే లాండ్ క్రూజర్, గైడు పని కూడా తనే చేసే డ్రైవరు, పార్కుల ఫీజులు, బస, మూడు పూటలా భోజనం, రెండు చోట్ల తెగల సందర్శన, అన్నీ కలిపే ఈ ధర అని కాగితం మీద రాసిచ్చారు.

మొదట తరంగీరే పార్కు. ఏనుగులు, లావుపాటి బావోబాబ్ చెట్లు, మంచి బస, ఏ లోటూ లేదు.

మర్నాడు లొడొఆరే గేటు దాటి న్గోరోంగోరో అభయారణ్యంలోకి వచ్చాం. సెరెంగెటీ పార్కు అంచున ఉన్న ఎన్‌డూటు వైపు పోతుంటే డ్రైవరు రోడ్డు దిగి ఒక ముళ్ళ కంచె ముందు బండి ఆపాడు. ఎర్ర షూకా దుప్పటి కప్పుకున్న కుర్రాడు వచ్చి చక్కటి ఇంగ్లీషులో బండికి 50 డాలర్లు, నగదు అన్నాడు. మా ఆయన కాగితం తీసి చూపించాడు. డ్రైవరు తల దించుకుని ఆఫీసుకి ఫోన్ కలిపి ఇచ్చాడు. అవతలి నుంచి వచ్చిన జవాబు ఇది: "అక్కడ ఆపడం ప్యాకేజీలో ఉంది సార్, లోపలికి వెళ్ళడం లేదు." అప్పటికే ఆడవాళ్ళూ మగవాళ్ళూ బారుగా నిలబడి పాట ఎత్తుకున్నారు. ఎండలో వాళ్ళని అలా నిలబెట్టి బేరాలాడటం మాకు చేతకాలేదు. కట్టేశాం.

పది నిమిషాలు పాట, మగపిల్లల ఎగురుడు. తర్వాత మమ్మల్ని విడదీశారు, ఒక్కో జంటని ఒక్కో ఇంట్లోకి. పేడ, మట్టి మెత్తిన ఇల్లు, లోపల చీకటి, కళ్ళు మండే పొగ. ఇల్లు కట్టేది ఆడవాళ్ళేనని మా వెంట వచ్చినతను చెప్పాడు. పుల్లలు ఎలా పాతుతారు, వాన పడితే కప్పు మీద మళ్ళీ పేడ ఎవరు మెత్తుతారు అని అడగబోయాను. అప్పటికే బయటికి నడిపించి పూసల దండల ముందు నిలబెట్టాడు. దండ 45 డాలర్లట. వదిన మెడలో ముందే ఒకటి వేసేశారు, ఇక తియ్యనివ్వరు. చివరికి 30కి ఇచ్చారు. అచ్చం అలాంటిదే అరూషా బజారులో 12 వేల షిల్లింగులు, అంటే ఐదు డాలర్ల లోపు.

ఆ తర్వాత బడి. కర్రల గోడల ఒంటి గది, ఇరవై మంది దాకా చిన్నపిల్లలు. మేం గుమ్మంలో కనపడగానే లేచి అంకెల పాట పాడారు. పక్కనే విరాళాల పెట్టె. వదిన పెట్టెలో 10 డాలర్లు వేసి ఏమీ మాట్లాడకుండా వచ్చి బండెక్కింది. సాయంత్రం దాకా అదే మౌనం. రాత్రి క్యాంపులో అంది: "బండి వచ్చినప్పుడల్లా ఆ పిల్లల్ని లేపి పాడిస్తారు కదా, ఇంక వాళ్ళకి చదువేం వస్తుంది?" ఆవిడ ముప్ఫై ఏళ్ళు టీచరుగా చేసింది. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు.

నా కోపం మాసాయిల మీద కాదు. బండి తెచ్చిన డ్రైవరుకి ఆ 50లో వాటా ఉంటుందని ఆ కుర్రాడే మా ఆయనతో చెప్పాడు. వాళ్ళ పరిస్థితి చూడండి. 1959లో సెరెంగెటీ నుంచి మాసాయిలను ఖాళీ చేయించి, న్గోరోంగోరోలో జంతువులతో కలిసి బతకొచ్చని మాటిచ్చారు. ఇప్పుడు అక్కడ వ్యవసాయం చేయనివ్వరు, క్రేటర్ (పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడ్డ పెద్ద పల్లం) అడుగుకి పశువుల్ని దించనివ్వరు. 2022 నుంచి ప్రభుత్వం వాళ్ళని చాలా దూరాన హందేని జిల్లాలోని మ్సోమేరాకి తరలిస్తోంది. ఇష్టపడే వెళ్తున్నారని ప్రభుత్వం అంటోంది. ఆసుపత్రి, బడి సౌకర్యాలు తగ్గించి పొగబెడుతున్నారని మాసాయిలు అంటున్నారు. 2024 ఆగస్టులో వేలమంది రోడ్డు మీదికి వచ్చి సఫారీ బండ్లని ఆపేశారు. మన అమ్రాబాద్ పులుల అడవిలో చెంచు పెంటలని బయటికి తరలించే మాట విన్నవాళ్ళకి ఇదంతా తెలిసిన కథే. పొలం లేదు, మేత నేల తగ్గింది, కళ్ళ ముందు రోజూ వందల బండ్లు పోతున్నాయి. అలాంటప్పుడు పూసలు అమ్మక ఏం చేస్తారు? ఎంత కడితే ఎంత ఊరికి చేరుతుందో రాసి పెట్టకుండా, సందర్శకుణ్ణీ ఊరివాళ్ళనీ ఎదురెదురుగా నిలబెట్టి తప్పుకునే కంపెనీని తప్పు పడతాను.

ఎన్‌డూటులో మనసు తేరుకుంది. ఫిబ్రవరి వైల్డ్‌బీస్ట్‌లు (ఆవు లాంటి పెద్ద జింకలు) ఈనే కాలం. రెండు మూడు వారాల్లోనే లక్షల దూడలు పుడతాయి. మా కళ్ళ ముందే ఒక దూడ నేల మీద పడింది. కాళ్ళు వణికాయి, లేచింది, పడింది, మళ్ళీ లేచింది. పది నిమిషాలు కాకముందే తల్లి పక్కన పరుగు. అన్నయ్య కెమెరా పక్కన పెట్టేసి ఊరికే చూస్తూ కూర్చున్నాడు. రెండు చీతాలు కూడా కనిపించాయి గానీ మాకు ఆ దూడే గుర్తుండిపోయింది. ఎన్‌డూటులో రోడ్డు దిగి బండి పోనివ్వచ్చు, సెరెంగెటీ పార్కు మధ్యలో అలా కుదరదు. అందుకే ఫిబ్రవరిలో వెళ్ళేవాళ్ళు ఎన్‌డూటులోనే ఉండండి.

క్రేటర్ ఖరీదైనది. బండి కిందికి దిగడానికే 250 డాలర్లు, 18 శాతం పన్నుతో 295. మనిషికి 24 గంటల ప్రవేశ రుసుము పన్నుతో 70.80. ఇవి మా ప్యాకేజీలోనే ఉన్నాయి, రసీదులు చూశాం. 260 చదరపు కిలోమీటర్ల గిన్నె లాంటి నేల, సుమారు 600 మీటర్ల లోతు. నల్ల ఖడ్గమృగం దూరంగా, బైనాక్యులర్స్‌లో కనిపించింది. పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉంటేనే ఈ ఖర్చుకి న్యాయం జరుగుతుంది, తొమ్మిది దాటితే ఒక్క సింహం చుట్టూ ఇరవై బండ్లు. న్గోయిటోకిటోక్ మడుగు దగ్గర భోజనానికి ఆపుతారు. అక్కడ బండిలోనే కూర్చుని తినండి. మా ఆయన చేతిలోని చికెన్ ముక్కని గద్ద తన్నుకుపోయింది, వేలికి గోరు గీరుకుని రక్తం కూడా వచ్చింది.

అక్కడి నుంచి కరాటు ఊరు దాటి ఎయాసీ వైపు మట్టిరోడ్డు. గంటన్నర పైనే ఒళ్ళు హూనమైంది, దుమ్ముకి వదిన దగ్గు. ఇక్కడా బోమాలాంటిదే అయితే బండి దిగనని ఖచ్చితంగా చెప్పేసింది.

ఎయాసీ దగ్గరి మాంగోలా ఊరు చేరగానే ఘాటైన వాసన. చుట్టూ ఉల్లి పొలాలు! కొండ ఊటల నీళ్ళు కాలవల్లో పారుతున్నాయి, గట్ల మీద సంచులు గుట్టలుగా ఉన్నాయి, కెన్యా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోతారట. కర్నూలు మార్కెట్‌లో ఉల్లి కమీషన్ వ్యాపారం చేసిన అన్నయ్య ఆగుతాడా? గట్టెక్కి గడ్డ చేతిలోకి తీసుకుని, పొర గిల్లి చూసి, సంచి ఎంత, కోత కూలి ఎంత, ధర పడిపోతే ఏం చేస్తారు అని గైడు ద్వారా అడుగుతూనే ఉన్నాడు. ఆ రైతు కూడా మన దగ్గరి ధరలు అడిగాడు. అరగంట పోయింది, ఎవరికీ తొందర అనిపించలేదు.

ఇక్కడ పద్ధతి వేరు. ఊళ్ళో సాంస్కృతిక పర్యాటక కార్యాలయం ఉంది. స్థానిక గైడుకి బృందానికి 30 డాలర్లు, వేట మీద బతికే హడ్జాబేల దగ్గరికి మనిషికి 20, పశువులు కాచే దతోగాల దగ్గరికి మనిషికి 10. నలుగురికి మొత్తం 150. కంపెనీ డబ్బు డ్రైవరు మా ముందే కట్టాడు, రసీదు మా చేతికిచ్చారు. ధర గోడ మీద రాసి ఉంటే 'ఆపడం ఉంది, వెళ్ళడం లేదు' అనే మాటకి చోటే ఉండదు. విడిగా ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టొద్దని, అది సారాకి పోతోందని గైడు ముందే చెప్పాడు. ఆ గైడు మాంగోలా కుర్రాడే, హడ్జాబే భాష బాగా వచ్చు.

రాత్రి చిన్న లాడ్జిలో భోజనం. ప్రయాణం మొదలైనప్పటి నుంచీ వదినకి ఉడకబెట్టిన కూరగాయలు, బ్రెడ్డే దిక్కు, సంచిలోని కారప్పొడి సగం అయిపోయింది. ఇక్కడ వంటామె ఉగాలి, అంటే మొక్కజొన్న సంగటి, తోటకూర వేపుడు, ఉల్లిపాయ దండిగా వేసిన చిక్కుడు గింజల కూర పెట్టింది. వదిన సంగటి మధ్యలో గుంట చేసి కూర పోసుకుని రెండుసార్లు వడ్డించుకుంది. వంటామె పక్కన కూర్చుని మరీ చూసింది. మాకు ప్యాకేజీ భోజనం ఉన్నా అన్నయ్య ఇంకో ముద్ద కోసం వంటింట్లోకే వెళ్ళాడు.

తెల్లవారకముందే హడ్జాబేల దగ్గరికి వెళ్ళాం. వీళ్ళు మొత్తం 1,300 మంది వరకు ఉంటారు. పూర్తిగా వేట మీద, దుంపల మీద, తేనె మీద బతికేవాళ్ళు అందులో కొన్ని వందలే. నాలుకతో టక్కుమనే శబ్దాలున్న వాళ్ళ భాష ఇంకే భాషతోనూ చుట్టరికం లేనిది. విల్లులు పట్టుకుని ముళ్ళ పొదల్లో వాళ్ళు నడిచే వేగానికి మేం పరిగెత్తాల్సి వచ్చింది. వేటలో దొరికింది ఒక చిన్న పక్షి, అంతే. కానీ ఒకతను బావోబాబ్ చెట్టు ముందు ఆగి, కాండానికి కర్ర మేకులు కొట్టుకుంటూ, వాటి మీదే అడుగులేస్తూ పైకెక్కాడు. తొర్రలోంచి పొగ, కాసేపటికి ఒక పట్టు ముక్క కింద పడింది. మొదటి ముక్క మాకే ఇచ్చారు. తేనెలో పిల్ల పురుగులు కూడా ఉన్నాయి, వాళ్ళు అలాగే తినేశారు. నేను తేనె ఉన్న చోటే కొరికాను, పొగ వాసన, కాస్త పులుపు. మాకోసం ప్రత్యేకంగా చేసింది ఏదీ లేదని అనను, మేం వస్తామని వాళ్ళకి తెలుసు. కానీ ఆ తేనె వాళ్ళ పొద్దుటి తిండి. ఉల్లి పొలాలూ పశువుల మందలూ పెరిగే కొద్దీ వాళ్ళ వేట నేల తగ్గిపోతోందని గైడు చెప్పాడు. 2011లో యాయెడా లోయలో 20 వేల హెక్టార్లకు పైగా నేల మీద హక్కు పత్రాలు వచ్చిన హడ్జాబేలు కాస్త నయం.

మధ్యాహ్నం దతోగా కమ్మరి ఇల్లు. హడ్జాబేల బాణాల మొనలు చేసిచ్చేది వీళ్ళే, బదులుగా తేనె, తోళ్ళు తీసుకుంటారు. ఒక కుర్రాడు మేకతోలు తిత్తులు రెండు చేతులతో ఒత్తుతున్నాడు. కమ్మరి విరిగిన తాళం కప్పలు, పాత కుళాయి ముక్కలు మూసలో వేసి కరిగించాడు. పచ్చటి మంట రాగానే గాడిలో పోశాడు. చల్లారిన కడ్డీని సాగగొట్టి, ఉలితో గీతలు పెట్టి, వంచి కడియం చేశాడు. 10 వేల షిల్లింగులు, బేరం లేదు. మా ఆయన వెంటనే తీసుకున్నాడు.

ఇంట్లో కమ్మరి భార్య సన్నెకల్లు లాంటి రాయి మీద మొక్కజొన్న నూరుతోంది. వదిన చెప్పులు విప్పి పక్కన చేరింది. ఆమె పొత్రం ఇచ్చింది. వదిన రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ నూరుతుంటే, ఆమె పిండి వేలితో రాసి చూసి తల అడ్డంగా ఊపింది, ఇంకా మెత్తగా కావాలని. మళ్ళీ నూరించింది. రెండోసారి చూసి నవ్వి, వదిన భుజం మీద చెయ్యి వేసి పాట అందుకుంది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత ఆమె వదిన మోకాళ్ళ నొప్పుల గురించి, వదిన ఆమె మనవల గురించి గైడుని మధ్యలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. బండెక్కేటప్పుడు వదిన అంది, "ఇక్కడ ఇంకో రాత్రి ఉండాల్సింది." ఆ రోజు మధ్యాహ్నమే అరూషా తిరుగు ప్రయాణం పెట్టారు, ప్లానులో నాకు నచ్చనిది అదే.

అరూషాలో కంపెనీ వాళ్ళని బోమా 50 డాలర్లు అడిగాం. 'చూస్తాం' అన్నారు, వాట్సాప్‌లో ఇప్పటికీ జవాబు లేదు. డ్రైవరుకి మాత్రం రోజుకి 20 డాలర్ల లెక్కన టిప్పు ఇచ్చాం. జంతువుల్ని పట్టుకోవడంలో అతని కన్ను గొప్పది. బోమా దగ్గర జరిగింది ఆఫీసు చేసిన పని.

వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టే ముందే ఈ మాట రాతలో అడగండి: ఏ ఊరు, మనిషికా బండికా, ఎంత, ఎవరి చేతికి, రసీదు ఉందా. రాసివ్వకపోతే ఇంకో కంపెనీ చూసుకోండి, అరూషాలో వాటికి కొదవ లేదు. ప్లాస్టిక్ సంచులు 2019 జూన్ నుంచి నిషేధం, పొడులు గుడ్డ సంచుల్లో సర్దుకోండి. డాలరు నోట్లు కొత్తవి, మడత పడనివి తీసుకెళ్ళండి, పాత నోట్లు తీసుకోరు. ఎయాసీలో రెండు రాత్రులు పెట్టించుకోండి, అందుకోసం తరంగీరేలో ఒక రాత్రి తగ్గినా ఫరవాలేదు.