సైకిల్ మీద పేరు సరే, వెనక హబ్బు ఎవరిది?

బోడుప్పల్ నుంచి తార్నాక ఆఫీసుకి ఏళ్ల తరబడి సైకిల్ మీదే వెళ్తున్నాను. అందుకని కొనబోయే ప్రతివాళ్లూ "ఏ కంపెనీది తీసుకోమంటారు?" అని నన్నే అడుగుతారు. నా దగ్గర రెండు బళ్లున్నాయి. ఒకటి నాన్నగారు వాడిన నల్ల అట్లాస్, రెండోది బాగా పేరున్న కంపెనీ గేర్ల సైకిల్. రెండూ వాడాక నాకు అర్థమైంది ఏంటంటే, 20 వేల లోపు బండికి ఫ్రేమ్ మీది పేరు చూసి డబ్బు ఎక్కువ పెట్టడం దండగ.

గేర్ల బండి కొన్నప్పుడు షాపతను "షిమానో గేర్లు సార్" అని పదే పదే చెప్పాడు. అబద్ధమేం కాదు, వెనక డిరైలర్, అంటే చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం, షిమానో టోర్నీనే, ఆ జపాన్ కంపెనీ గేర్లలో చవక రకం. హబ్బులు (చక్రం మధ్యలో ఉండే భాగాలు), పెడళ్లు, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) మీద మాత్రం వెతికినా ఏ పేరూ కనబడదు. ఇన్నేళ్లలో ఆ చవక డిరైలర్ నన్ను సతాయించలేదు. సతాయించిందల్లా ఆ పేరులేని సరుకే.

వెనక చక్రం యాక్సిల్, అంటే ఇరుసు, వంగింది. మార్పించాను, మళ్లీ వంగింది. మెకానిక్ దాన్ని బయటికి తీసి గాజు బల్ల మీద దొర్లిస్తే ఎగిరెగిరి పడుతూ దొర్లింది. కారణం కూడా చూపించాడు. ఏడు గేర్ల ఫ్రీవీల్‌ని, అంటే వెనక పళ్లచక్రాల గుత్తిని, హబ్బు మీది మరకి తిప్పి బిగిస్తారు. దాంతో కుడివైపు బేరింగ్ బాల్స్ ఫ్రీవీల్ వెనక్కి, బాగా లోపలికి పోతాయి. అక్కడి నుంచి ఫ్రేమ్ దాకా యాక్సిల్‌కి ఏ ఆధారమూ ఉండదు. నా 85 కిలోలు, ల్యాప్‌టాప్ బ్యాగు, ఉప్పల్ గుంతలు, అన్నీ ఆ కాస్త ఇనుప ముక్క మీదే. షిమానో క్యాసెట్ హబ్బులో (పళ్లచక్రాలని మర తిప్పకుండా జారించి తొడిగే రకం) కుడివైపు బేరింగ్ బయటి అంచు దగ్గర ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. చివరికి క్యాసెట్ హబ్బుతో చక్రం కట్టించాను, ఆ గొడవ వదిలింది. బండి అమ్మేటప్పుడు ఈ తేడా ఎవరూ చెప్పరు, మనమే వంగి చూసుకోవాలి.

అసలు ఈ పేర్ల పోటీయే పైకి కనిపించినంత లేదు. బీఎస్ఏ, హెర్క్యులస్, మోంట్రా మూడూ మురుగప్ప గ్రూపువే. ఫైర్‌ఫాక్స్‌ని 2015లో లూథియానా హీరో సైకిల్స్ కొనేసింది. తైవాన్ జెయింట్ అయితే అమెరికా ష్విన్‌కి ఏళ్ల తరబడి సైకిళ్లు చేసిచ్చింది. బీఎస్ఏ గొప్పా హెర్క్యులస్ గొప్పా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు, పాపం.

ఇక అట్లాస్. ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది, అదీ సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. నా బండికి దాని వల్ల వచ్చిన నష్టమేమీ లేదు. కాటర్ పిన్నులు, కోన్లు, బాల్స్, 28 అంగుళాల టైర్లు ఏ కంపెనీవైనా పడతాయి, ఏ పల్లె షాపులో అడిగినా దొరుకుతాయి. వర్షంలో మాత్రం దాని రాడ్ బ్రేకులు నొక్కి దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సిందే. స్టీలు రిమ్ము తడిస్తే అంతే, ఏ కంపెనీదైనా.

మరి పేరు ఎక్కడ పనికొస్తుంది? సెకండ్ హ్యాండ్‌లో అమ్మేటప్పుడు కాస్త ధర వస్తుంది. ఫ్రేమ్ అతుకు దగ్గర పగిలితే వారంటీ అడగడానికి ఒక మనిషి ఉంటాడు. వీటికంటే ముఖ్యం, డిరైలర్‌ని పట్టుకుని ఉండే హ్యాంగర్. బండి కుడివైపు పడితే ముందు వంగేది, విరిగేది అదే. చిన్న అల్యూమినియం ముక్కే గానీ మోడల్‌ని బట్టి ఆకారం మారిపోతుంది, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. ఊళ్లో డీలర్ లేని కంపెనీ అయితే ఆ ముక్క కోసం బండి నెలల తరబడి మూలన పడి ఉంటుంది. అందుకే కొనే రోజే ఇంకో హ్యాంగర్ అడిగి తీసుకోండి. "స్టాక్ లేదు సార్, తెప్పిస్తాం" అన్నాడా, పక్క షాపుకి వెళ్లండి.