నడుస్తున్న బిల్లింగ్ సర్వర్‌కి జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్లు: ఏడాదిన్నర వాడాక

మా బావగారి మందుల హోల్‌సేల్ షాపులో సర్వర్ చూసుకునేది నేనే. ఉబుంటు, దాని మీద బిల్లుల లెక్కలన్నీ దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. రాత్రి పదకొండైనా ఎవరో ఒకరు బిల్లు కొడుతూనే ఉంటారు. ఇదివరకు నేను వెలగబెట్టిన పని, రోజూ డేటా ఫోల్డర్ మొత్తాన్ని టార్ చేసి (అంటే ఒకే ఫైలుగా మూటకట్టి) బయటి డిస్కులో పడేయడం. 'ఫైల్ చేంజ్డ్ యాజ్ వి రెడ్ ఇట్' అని అది మొత్తుకుంటూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. ఒకరోజు ఆ కాపీ తెరవాల్సి వచ్చింది. బిల్లు నంబరుంది, దాని కింద మందుల వరసలు లేవు. ఒక ఫైలు పదకొండింటిది, పక్క ఫైలు పదకొండుంపావుది మరి!

ఆ దెబ్బకి జెడ్‌ఎఫ్‌ఎస్‌కి మారాను. 2005లో సన్ వాళ్లు బయటపెట్టిన ఫైల్ సిస్టమ్ ఇది. ఉన్న బ్లాకు (డిస్కులో డేటా ఉండే ముక్క) మీద తిరగరాయదు, కొత్త చోట రాస్తుంది. కాబట్టి స్నాప్‌షాట్, అంటే ఆ క్షణాన డేటా ఎలా ఉందో అలా పట్టి ఉంచడం, ఇక్కడ కాపీ చేయడం కాదు, పాత బ్లాకుల్ని పారేయకు అని చెప్పడమే. రెండు జీబీలున్నా రెండొందలున్నా ఎంటర్ కొట్టి వేలు తీసేలోపు అయిపోతుంది, కౌంటర్లో ఎవరికీ తెలియదు కూడా. లినక్స్‌లో డిస్కు చోటు పంచిపెట్టే ఎల్‌వీఎమ్ పాత పద్ధతి స్నాప్‌షాట్లకైతే ముందే ఇంత చోటని కేటాయించాలి, అది నిండిందా స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది. ఇక్కడ ఆ టెన్షన్ లేదు.

అయితే ఒకటి. ఆ క్షణాన కరెంటు పోతే డిస్కు మీద ఏం మిగిలేదో మీకు దొరికేది అదే. ఇంకా సాఫ్ట్‌వేర్ మెమరీలోనే ఉన్నది రాదు. పోస్ట్‌గ్రెస్‌కి దీంతో ఇబ్బంది లేదు, మళ్లీ లేచినప్పుడు వాల్ (ప్రతి మార్పునీ ముందే రాసుకునే లాగ్) చదివి తనే సర్దుకుంటుంది, కానీ డేటా, వాల్ రెండూ ఒకే క్షణానివై ఉండాలి. నేనేమో స్పీడు కోసమని వాల్‌ని వేరే డేటాసెట్‌లో (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో విడిగా స్నాప్‌షాట్ తీయగల భాగం) పెట్టి, రెండిటికీ విడివిడిగా, అంటే వేర్వేరు క్షణాల్లో, స్నాప్‌షాట్లు తీస్తూ కొన్ని నెలలు హాయిగా నిద్రపోయాను. అలా కాకుండా, రెండిటికీ పైనున్న డేటాసెట్ మీద స్నాప్‌షాట్ కమాండ్‌కి మైనస్ ఆర్ పెడితే కిందివన్నీ ఒకేసారి పడతాయి. రెండు వేర్వేరు పూల్స్ (డిస్కుల గుంపులు) అయితే అదీ కుదరదు. ఇలాంటి లాగ్ ఏదీ రాసుకోని సాఫ్ట్‌వేర్ అయితే మాత్రం ఒక్క నిమిషం ఆపి తీయండి.

చిరాకు పెట్టేది ఖాళీ లెక్క. 38 జీబీ పాత ఫైళ్లు తీసేశాను, ఖాళీ ఏమాత్రం పెరగలేదు, స్నాప్‌షాట్లు పట్టుకుని కూర్చున్నాయి. పోనీ ఏది ఎంత తింటోందో చూద్దామంటే, యూజ్డ్ కాలమ్‌లో ఆ ఒక్క స్నాప్‌షాట్‌కే సొంతమైన బ్లాకులే కనిపిస్తాయి, రెండు స్నాప్‌షాట్లు పంచుకున్నవి ఏ స్నాప్‌షాట్ లెక్కలోకీ రావు. ఎంత కూడినా మొత్తం తేలదు. ర్యామ్ కూడా బాగానే లాగుతుంది. ఇంకోటి, స్నాప్‌షాట్ ఉండేది అదే డిస్కుల మీద, అవి పోతే అన్నీ పోతాయి, అందుకే రోజూ జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్ కమాండ్ కొట్టి ఇంట్లో ఇంకో మెషీన్‌కి పంపుతున్నాను.

నెలకోసారి స్నాప్‌షాట్ నుంచి క్లోన్ (మార్చుకోగల నకలు) తీసి, వేరే పోర్టులో పోస్ట్‌గ్రెస్ లేపి చివరి బిల్లు నంబరు చూస్తాను. మొదటిసారి అసలు లేవనని మొండికేసింది. స్నాప్‌షాట్‌తో పాటు నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ నంబరు రాసుకునే పోస్ట్‌మాస్టర్ డాట్ పిడ్ ఫైలు కూడా వచ్చేసింది, అందులోని నంబరుతో అసలు సర్వర్ అదే మెషీన్‌లో నడుస్తోంది. క్లోన్‌లో ఆ ఫైలు తీసేస్తే లేచింది. తీసేముందు ఏ ఫోల్డర్‌లో ఉన్నారో రెండుసార్లు చూసుకోండి, నేను మూడుసార్లు చూసుకున్నాను.