సముద్రం దాటడానికి: పాత వెస్ట్‌సెయిల్ 32నా, ఫిన్ కీల్ బోటా?

తక్కువ బడ్జెట్‌లో మహాసముద్రం దాటాలనుకునేవాళ్లలో చాలామంది చివరికి ఈ రెండింటి దగ్గరే ఆగుతారు. ఒకటి 1970ల్లో కాలిఫోర్నియాలో తయారైన బరువైన తెరచాప పడవ వెస్ట్‌సెయిల్ 32. ఇంకోటి ఫ్యాక్టరీల్లో వరసగా తయారయ్యే తేలికపాటి ఫిన్ కీల్ సెయిల్‌బోట్. కీల్ అంటే బోటు అడుగున నీళ్లలోకి దిగి ఉండే బరువైన భాగం; అది చేప రెక్కలా పొట్టిగా ఉంటే ఫిన్ కీల్.

వేగం: వెస్ట్‌సెయిల్ దాదాపు 9 టన్నులు, చిరుగాలికి బద్ధకంగా కదులుతుంది. ఫిన్ కీల్ ఎదురుగాలిలోనూ చురుగ్గా పోతుంది.

కుదుపు: బరువైనది అలల్లో మెల్లగా ఊగుతుంది. తేలికది దబదబా కొట్టుకుంటుంది.

హార్బర్‌లో: ఫిన్ కీల్ చిన్న జాగాలోనే తిరుగుతుంది. వెస్ట్‌సెయిల్‌ను రివర్స్ చేయాలంటే టెన్షనే.

అసలు చూడాల్సింది భద్రత. వెస్ట్‌సెయిల్ పొడవాటి కీల్ హల్‌లోనే (బోటు ఒడలిలోనే) భాగం, చుక్కాని దాని వెనకే ఉంటుంది. 1991 అక్టోబర్ తుఫానులో సిబ్బందిని దించేశాక కూడా సటోరీ అనే వెస్ట్‌సెయిల్ మునగకుండా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఫిన్ కీల్‌ను సాధారణంగా బోల్టులతో బిగిస్తారు. 2014లో అట్లాంటిక్‌లో చీకీ రఫీకీ బోటు కీల్ ఊడిపోయి నలుగురూ చనిపోయారు. కాబట్టి బోటును నీళ్లలోంచి పైకి తీయించి, కీల్ హల్‌ను కలిసే గీత వెంట తుప్పు మరకగానీ పగులుగానీ ఉందేమో చూడండి. ఎప్పుడైనా నేలకు తగిలిందని తెలిస్తే, బోట్లను తనిఖీ చేసే సర్వేయర్ సరేననేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఖర్చు: వెస్ట్‌సెయిళ్లు చాలావాటిని కిట్‌గా కొని సొంతదారులే పూర్తి చేశారు, వైరింగ్ ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. ఏ పాత బోటుకైనా తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే స్టీలు తీగలు మార్పించే ఖర్చు ముందే కలుపుకోండి.

నెలల తరబడి నడిసముద్రంలో ఉండే ఇద్దరికి వెస్ట్‌సెయిలే నయం. ఎక్కువగా తీరం వెంట తిరుగుతూ, వాతావరణం చూసుకుని రెండు మూడు రోజులు లోపలికి వెళ్లేవాళ్లకు ఫిన్ కీల్ చాలు.