మూసారాంబాగ్‌లో మూసారాం ఎవరు?

మెట్రోలో మూసారాంబాగ్ అని వినిపించినప్పుడల్లా ఎవరో మూసారాం అనే సేఠ్ తోట అయ్యుంటుందిలే అనుకునేవాణ్ణి. తీరా చూస్తే ఆయన ఫ్రెంచివాడు! పేరు రేమండ్. 1755లో ఫ్రాన్స్‌లో పుట్టి, ఎక్కడెక్కడో తిరిగి చివరికి రెండో నిజాం కొలువులో చేరాడు. 14 వేల మంది దాకా ఉన్న సైన్యాన్ని నడిపి 1798లో హైదరాబాద్‌లోనే పోయాడు. ఫ్రెంచి వాళ్ళు గౌరవంగా పిలవడానికి 'ముస్యే' అంటారు కదా, ఆ ముస్యే రేమండ్ కాస్తా జనం నోళ్ళలో నలిగి హిందువులకు మూసా రామ్, ముస్లింలకు మూసా రహీమ్ అయ్యాడట.

పోయిన నెల రెండు రోజులు ఉండి ఆయన సమాధి చూసొచ్చా. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రోకి దగ్గరని ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది కానీ రోజంతా వేడినీళ్ళు అని చెప్పి పొద్దున ఒక్క గంట ఇచ్చారు, ఇక రోడ్డు వైపు గది తీసుకుంటే బస్సుల హారన్లకి నిద్ర మర్చిపోవాల్సిందే.

ఆటో అతన్ని రేమండ్ సమాధి అని అడిగితే "బట్టల షాపా అన్నా?" అన్నాడు. గుట్ట మీద ఉంటుందని చెప్పాక "గోరీనా, అట్ల చెప్పాలె గదా" అని ఇళ్ళ మధ్య సందుల్లోంచి తిప్పి తీసుకెళ్ళాడు.

పైన నల్లరాతి స్తంభం, దాని మీద జె.ఆర్. అనే అక్షరాలు, పక్కనే స్తంభాల మండపం, అంతే. ఆ మండపం 2001లో కూలిపోతే తర్వాత మళ్ళీ కట్టారు. ఒకప్పుడు ఆయన వర్ధంతికి ఇక్కడ ఉర్సు జరిగేదని, ఆరో నిజాం ఏటా ఒక పెట్టె చుట్టలు, ఒక బీరు సీసా పంపేవాడని చెప్పుకుంటారు. నాకు మొత్తం ట్రిప్‌లో బాగా నచ్చింది ఆ బీరు సీసానే.

మర్నాడు గన్‌ఫౌండ్రీకి వెళ్ళా. ఆ పేరు కూడా రేమండ్ పెట్టిన ఫిరంగుల కార్ఖానా వల్ల వచ్చిందే. పాత గోడలు కాస్త మిగిలాయి గానీ దానికోసమే పనిగట్టుకుని వెళ్ళేంత లేదు, ఆబిడ్స్‌లో పనుంటే ఒక చూపు చూడండి చాలు. సమాధికి మాత్రం సాయంత్రం పూట వెళ్ళండి, పైన నీడ తక్కువ, నీళ్ళ సీసా కిందే కొనుక్కోండి.